బీపీఎడ్‌లో చేరే ముందు కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క

పీఈసెట్ (వ్యాయామ విద్య కోర్సుల ప్రవేశ పరీక్ష) ప్రకటన వచ్చిందంటే చాలు, సాయంత్రం గ్రౌండ్‌లో పరుగు తీసే కుర్రాళ్లలో ఇద్దరో ముగ్గురో నా దగ్గరకు వచ్చి ఒకే మాట అడుగుతారు: "సార్, బీపీఎడ్ చేస్తే జీతం ఎంత వస్తుంది?" బీపీఎడ్ అంటే వ్యాయామ ఉపాధ్యాయుడు కావడానికి చదివే కోర్సు. నేను జేబులోంచి పెన్ను తీసి చేతికిస్తాను. జీతం సంగతి తరువాత చూద్దాం, ముందు నీకెంత ఖర్చవుతుందో రాయమంటాను. చాలామంది కాలేజీ ఫీజు ఒక్కటి రాసి ఆగిపోతారు.

ఆ తరువాత రాయాల్సినవన్నీ కింద చెబుతున్నాను. ఒక నోటు పుస్తకం, ఒక ఆదివారం చాలు. ఇంట్లో డబ్బు వ్యవహారం చూసేది అమ్మయినా నాన్నయినా అన్నయ్యయినా పక్కన కూర్చోబెట్టుకోండి. రెండేళ్లు మిమ్మల్ని పోషించాల్సింది వాళ్లే.

1. ఏ చదువో ముందు తేల్చుకోండి

పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి గాని విలువలు వేరు. ఇంటర్ తరువాత రెండేళ్లు చదివేది డీపీఎడ్, యూజీడీపీఎడ్ అని కూడా రాస్తారు. డిగ్రీ తరువాత రెండేళ్లు చదివేది బీపీఎడ్. ఆ పైన ఇంకో రెండేళ్లది ఎంపీఎడ్. బీపీఎడ్ ఒకప్పుడు ఏడాది చదువే, ఎన్‌సీటీఈ అనే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో రెండేళ్లయింది. కాబట్టి "మేం ఏడాదిలో ముగించి ఉద్యోగంలో చేరాం" అని చెప్పే పెద్దాయన లెక్క మీకు పనికిరాదు.

ఇవి కాక ఇంటర్ తరువాత చదివే బీపీఈఎస్ అనే డిగ్రీ ఒకటుంది. క్రీడాశాస్త్రం మీద ఇష్టం ఉన్నవారికి అది మంచి చదువే. అయితే ఉపాధ్యాయ ఉద్యోగాల దగ్గర దాన్ని బీపీఎడ్‌తో సమానమని అనుకొని మోసపోకండి. పాత నోటిఫికేషన్ ఒకటి తీసి అర్హతల పట్టికలో ఏ పేరు ఉందో కళ్లారా చూసుకోండి.

కాలేజీకి ఎన్‌సీటీఈ గుర్తింపు, విశ్వవిద్యాలయ అనుబంధం రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఉస్మానియా, ఆంధ్ర, నాగార్జున విశ్వవిద్యాలయాల్లోనో, హైదరాబాద్ దోమలగూడ ప్రభుత్వ వ్యాయామ విద్య కళాశాలలోనో సీటు వస్తే ఆ చింత ఉండదు. "తరగతులకు రానక్కరలేదు, పరీక్షల నాటికి వస్తే చాలు" అని ఎవరైనా సీటు ఇస్తామంటే ఆ ఫోను అక్కడే పెట్టేయండి. ఒంటితో నేర్చుకోవాల్సిన విద్యను ఇంట్లో కూర్చొని నేర్చుకున్నవాడిని గ్రౌండ్‌లో పిల్లలు మొదటి వారంలోనే కనిపెట్టేస్తారు.

2. ఖర్చు మొత్తం రాయండి

నాలుగు వరుసలు గీయండి: ఫీజు, గది–తిండి, బూట్లు–బట్టలు–ప్రయాణాలు, చదువుకుంటున్నందుకు పోయే సంపాదన. నాలుగోది ఎవరూ రాయరు. అన్నిటికన్నా పెద్ద అంకె అదే.

లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ వేస్తాను, మీవి మీరు మార్చుకోండి. డిగ్రీ ముగిసిన కుర్రాడికి ఊళ్లోనే నెలకు 12,000 వచ్చే పని దొరుకుతుంది అనుకుందాం. రెండేళ్లు ఆ పని మానుకుంటే 2,88,000 పోయినట్టే. గదికీ తిండికీ నెలకు 7,000 చొప్పున 20 నెలలకు 1,40,000. రెండేళ్ల ఫీజు 60,000. స్పైక్స్, ట్రాక్ సూట్లు, బస్సు ఛార్జీలు, కాలు బెణికితే కట్టు, అన్నీ కలిపి 32,000. మొత్తం 5,20,000.

అందులో ఫీజు ఎనిమిదో వంతు కూడా లేదు. పీఈసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకొని కన్వీనర్ కోటాలో చేరి, అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందడం ఎలాగూ చేయాలి. అంతకన్నా పెద్ద పొదుపు ఇంటి నుంచి వెళ్లివచ్చే దూరంలో కాలేజీ ఎంచుకోవడం. చదువుతున్నప్పుడే తెల్లవారుజామున ఒక గంట ఎక్కడైనా శిక్షణ ఇచ్చి నెలకు మూడు నాలుగు వేలు సంపాదించగలిగితే ఇంకా మంచిది. ఐదు గంటలకు లేవడం మీకు అలవాటే కదా.

పీఈసెట్ గురించి ఒక్క మాట. శారీరక సామర్థ్య పరీక్షలకు 400 మార్కులు, మీరు ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి 100 మార్కులు. రాత పరీక్ష లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత దీనితో పని ఉంది.

3. ప్రభుత్వ జీతం గడి నింపండి

తెలంగాణలో పీఈటీ (బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు) స్కేలు 31,040–92,050, ఆ పై హోదా అయిన స్కూల్ అసిస్టెంట్‌ది 42,300–1,15,270. ఇవి 2020 పీఆర్సీ (వేతన సవరణ సంఘం) స్కేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 స్కేళ్ల ప్రకారం పీఈటీకి 32,670–1,01,970, వ్యాయామ విద్య స్కూల్ అసిస్టెంట్‌కు 44,570–1,27,480. పీఆర్సీ మారితే ఈ అంకెలూ మారతాయి. మూల వేతనం మీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం కలుస్తాయి. మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో పదో వంతు సీపీఎస్ (వాటా పింఛను పథకం) కింద కోత పడుతుంది. జాగ్రత్తగా లెక్క వేయాలంటే మొదటి ఏడాదికి మూల వేతనం మాత్రమే చేతికొస్తుందని అనుకోండి.

కేంద్రీయ విద్యాలయాల్లో వ్యాయామ విద్య టీజీటీ అనే ఉపాధ్యాయుడికి, నవోదయ విద్యాలయాల్లో పీఈటీకి కేంద్ర వేతన పట్టికలో లెవెల్ 7, అంటే 44,900 మూల వేతనంతో మొదలు. దేశమంతటా ఎక్కడ వేసినా వెళ్తామని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పగలిగితేనే ఆ గడి నింపండి.

ఇప్పుడు తీసివేత. చదువు మానేసి పనిలో చేరినవాడు రెండేళ్ల తరువాత నెలకు 13,000 సంపాదిస్తున్నాడు అనుకుందాం. ఆంధ్రప్రదేశ్ పీఈటీ మూల వేతనం 32,670లోంచి అది తీసేస్తే తేడా 19,670. ఏడాదికి 2,36,040. మనం పెట్టిన 5,20,000 రెండేళ్ల మూడు నెలల్లో తిరిగి వస్తుంది. స్కూల్ అసిస్టెంట్ అయితే ఏడాదిన్నర కూడా పట్టదు.

ఇక్కడికి రాగానే కుర్రాళ్ల ముఖాలు వెలుగుతాయి. నోటు పుస్తకం మూసేయబోతారు. నేను మూయనివ్వను.

4. ఎదురుచూపుకు ధర కట్టండి

తెలంగాణలో 2017లో టీఆర్టీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష, జనం డీఎస్సీ అంటారు) ప్రకటన వచ్చింది. తరువాత 2023లో 5,089 పోస్టులకు ఒకటి ఇచ్చి రద్దు చేశారు. 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులకు మళ్లీ ఇచ్చి, అదే ఏడాది అక్టోబరులో నియామక పత్రాలు అందజేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరువాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన ప్రకటన రద్దయింది. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వచ్చింది 2025 ఏప్రిల్‌లో. అంటే రెండు రాష్ట్రాల్లోనూ ఒక పూర్తి నియామకానికీ మరొకదానికీ మధ్య ఆరేడేళ్ల ఎడం. తెలంగాణ గురుకులాల్లో 616 పీఈటీ పోస్టులకు 2017లో ప్రకటన ఇస్తే అది కోర్టు కేసుల్లో చిక్కుకొని ఏళ్ల తరబడి నానింది. ఆ పరీక్ష రాసినప్పుడు పెళ్లి కాని కుర్రాళ్లు, ఫలితం తేలేనాటికి తమ పిల్లలను బడిలో వేశారు.

ఈ ఎదురుచూపును డబ్బులోకి మార్చండి. అవనిగడ్డలోనో అమీర్‌పేటలోనో గది తీసుకొని పూర్తిగా కోచింగ్‌కే కూర్చుంటే నెలకు 13,000 చొప్పున ఏడాదికి పోయే సంపాదన 1,56,000. గదికీ తిండికీ 84,000. మొత్తం 2,40,000, కోచింగ్ ఫీజు కలపకుండానే. పైన పీఈటీ ఉద్యోగం వల్ల ఏడాదికి వచ్చే తేడా 2,36,040 అని చూశాం. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. ఖాళీగా కూర్చున్న ఒక్కో ఏడాదీ, రేపు వచ్చే ఉద్యోగంలోని ఒక ఏడాది లాభాన్ని ముందే తినేస్తుంది. నాలుగేళ్లు కూర్చుంటే ఉద్యోగం వచ్చాక నాలుగేళ్లు పాత గొయ్యి పూడ్చడానికే పోతాయి. రాకపోతే ఆ గొయ్యి అలాగే ఉంటుంది.

కాబట్టి నోటిఫికేషన్ రాకముందు పని చేస్తూ రోజుకు రెండు గంటలు చదవండి. వచ్చాక మాత్రం సెలవు పెట్టి పూర్తిగా కూర్చోండి. ఆ రెండు మూడు నెలల ఖర్చుకు ఇప్పటినుంచే నెలకు వెయ్యి పక్కన పెట్టండి.

5. మీ జిల్లా అంకె చూడండి

రాష్ట్రం మొత్తం పోస్టులు చూసి సంబరపడకండి. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062లో పీఈటీలు 182. జిల్లాలు 33. సగటున జిల్లాకు ఐదారు, వాటిలోనే రిజర్వేషన్లు, మాధ్యమాలు. స్థానికులకు 95 శాతం కాబట్టి పక్క జిల్లా పోస్టులు దాదాపు మీవి కావు. ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో పీఈటీలు 132 మాత్రమే, వ్యాయామ విద్య స్కూల్ అసిస్టెంట్లు పదహారు వందలకు పైగా. పీఈటీకి డీపీఎడ్ సరిపోతుంది, స్కూల్ అసిస్టెంట్‌కు బీపీఎడ్ కావాలి, కాబట్టి దీన్ని బట్టే డీపీఎడ్‌తో ఆగాలా, డిగ్రీ చదివి బీపీఎడ్ చేయాలా అన్నది తేలిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారికి నా సలహా బీపీఎడ్ అనే. తెలంగాణలో పీఈటీ పోస్టులను భాషా పండితుల పోస్టులతో పాటు స్కూల్ అసిస్టెంట్ స్థాయికి పెంచుతూ నిర్ణయం జరిగినా, ఆ పదోన్నతులు అమలయ్యేసరికి 2024 వచ్చింది. పదోన్నతిని లెక్కలో వేసుకోకండి, వస్తే పండగ చేసుకోండి.

గత నోటిఫికేషన్‌లో మీ జిల్లా, మీ సామాజిక వర్గం, మీ మాధ్యమం కలిసే గడిలో ఎన్ని పోస్టులున్నాయో వెతికి రాయండి. అక్కడ సున్నా ఉంటే ఆ సున్నానే రాయండి.

మన పోస్టులకు టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) అక్కరలేదు. మిగతావారికి టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటే, మనకు మొత్తం వంద మార్కులూ రాత పరీక్షవే. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే: పీఈసెట్‌లో రాత పరీక్ష లేదు, డీఎస్సీలో పరుగు లేదు. జాతీయ స్థాయిలో ఆడినవాడు శరీర నిర్మాణ శాస్త్రం, శిక్షణ పద్ధతులు చదవక వెనకబడిపోవడం, బంతిని సరిగా పట్టలేనివాడు ర్యాంకు కొట్టడం నేను చూశాను. అన్యాయమే. కానీ నియమం అది. బీపీఎడ్ మొదటి సెమిస్టర్ నుంచే సిద్ధాంత పాఠాల నోట్సు జాగ్రత్తగా రాసి దాచుకోండి. అదే మీ డీఎస్సీ పుస్తకం.

ఆటగాళ్లకు క్రీడా కోటా ఒక పక్కదారి. ఆంధ్రప్రదేశ్ దాన్ని 3 శాతానికి పెంచింది, మెగా డీఎస్సీలో 421 పోస్టులు ఆ కోటాకు వెళ్లాయి. ధ్రువపత్రాలు ఏ టోర్నమెంటువి, ఏ ఫారంలో ఉండాలి అన్నది ఇప్పుడే కనుక్కోండి. పదేళ్ల క్రితం ఆడిన పోటీకి సంతకం కోసం అసోసియేషన్ కార్యదర్శి వెంట తిరగడం నరకం.

6. ప్రైవేటు బడిలో చేరేటప్పుడు

ఎక్కువమంది మొదటి ఉద్యోగం ఇక్కడే. మన ఉదాహరణలో కుర్రాడికి ప్రైవేటు బడి నెలకు 16,000 ఇచ్చిందనుకోండి. తేడా 3,000, ఏడాదికి 36,000. పెట్టిన 5,20,000 తిరిగి రావడానికి పద్నాలుగేళ్లు దాటుతుంది. ఇదీ అసలు నిజం: ఒట్టి డిగ్రీతో, ఒట్టి బడి జీతంతో ఈ చదువు గిట్టుబాటు కాదు. అందుకే జీతం బేరం చేయడం నేర్చుకోవాలి.

చేరేముందు ఇవి అడగండి. జీతం పన్నెండు నెలలకా, వేసవి సెలవులు తీసేసి పదికా? పీఎఫ్ కడతారా? 21,000 లోపు జీతమైతే ఈఎస్‌ఐ ఉందా? ఆటల పీరియడ్ కాక బస్సు డ్యూటీ, గేటు డ్యూటీ, పిల్లల అల్లరి అణచడం, ఫీజు వసూలుకు ఇంటింటికీ తిరగడం, వీటిలో ఏవి మీ నెత్తిన పెడతారు? చివరిదానికి అవునంటే అది వ్యాయామ ఉపాధ్యాయుడి ఉద్యోగం కాదు.

ఉద్యోగం మానేసేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన గ్రాట్యుటీ సంగతి మా వాళ్లలో చాలామందికి తెలియదు. 2009 సవరణతో ఉపాధ్యాయులకు కూడా గ్రాట్యుటీ వర్తిస్తుంది, ఆ సవరణను సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. ఐదేళ్లు పూర్తయ్యాక మానేస్తే, చివరి జీతాన్ని 26తో భాగించి 15తోనూ పనిచేసిన ఏళ్లతోనూ గుణిస్తే వచ్చేది మీ సొమ్ము. మూల వేతనం, కరువు భత్యం కలిపి 15,000, సర్వీసు ఆరేళ్లు అయితే దాదాపు 51,900. దీనికోసమైనా నియామక పత్రం, జీతపు చీటీలు దాచుకోండి.

అసలు సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. నా కుర్రతనంలో ఒక బడివాళ్లు చూసి ఇస్తామని నా ఒరిజినల్స్ తీసుకొని, మధ్యలో మానేస్తానేమోనని నాలుగు నెలలు బీరువాలో పెట్టుకున్నారు. ఆ నాలుగు నెలల్లోనే ఒక ఉద్యోగానికి పరిశీలన జరిగి నా పేరు జారిపోయింది. జిరాక్సు ఇవ్వండి, ఒరిజినల్ చూపించి వెనక్కి పుచ్చుకోండి.

సీబీఎస్ఈ బడుల్లో బేరానికి మీకు ఒక పట్టు ఉంది. పదకొండు, పన్నెండు తరగతుల్లో ఫిజికల్ ఎడ్యుకేషన్ ఐచ్ఛిక పాఠ్యాంశం, కోడ్ 048. ఎంపీఎడ్ ఉండి, తరగతి గదిలో నిలబడి ఇంగ్లిషులో ఆ పాఠం చెప్పగలిగేవాడు విజిల్ ఊదేవాడి కన్నా ఎక్కువ అడగగలడు, అడగాలి కూడా. అమ్మాయిలకు ఇంకొంత వెసులుబాటు ఉంది: కస్తూర్బా విద్యాలయాలకు, బాలికల గురుకులాలకు మహిళా వ్యాయామ ఉపాధ్యాయులు కావాలి. "ఆడపిల్లకు ఆటలేమిటి" అనే మేనమామకు ఉపన్యాసం అక్కరలేదు, ఈ నోటు పుస్తకం చూపించండి.

7. రెండో ఆదాయం ఒకటి పెంచుకోండి

పద్నాలుగేళ్ల లెక్కను నాలుగైదేళ్లకు దించేది ఇదే. తేడా నెలకు 3,000 బదులు 10,000 అయితే పెట్టిన అసలు నాలుగేళ్ల నాలుగు నెలల్లో వచ్చేస్తుంది.

మన ఊళ్లలో అందరికన్నా ముందు డబ్బిచ్చేది పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్ శిక్షణ. తెలంగాణ కానిస్టేబుల్ పరీక్షలో 2022 నిబంధనల ప్రకారం పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. ఇది బీపీఎడ్ చదివినవాడికి చేతిలో ఉన్న విద్య. ఇరవైమంది పిల్లలు నెలకు 800 చొప్పున ఇచ్చినా 16,000. అయితే ఇది వాన లాంటి ఆదాయం, నోటిఫికేషన్ వస్తే కురుస్తుంది, లేకపోతే లేదు. దీన్ని నమ్ముకొని బైకు వాయిదాలు పెట్టుకోకండి.

జిమ్‌లో చేరితే జీతం ఎంతని కాక, వ్యక్తిగత శిక్షణకు వచ్చే ఫీజులో మీ వాటా ఎంతని అడగండి. నగరాల్లో ఏసీఈ, ఏసీఎస్‌ఎం వంటి ఫిట్‌నెస్ శిక్షకుల సర్టిఫికెట్లు అడుగుతారు. వాటి ఖర్చు కూడా ఇదే పుస్తకంలో రాసి, ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో చూశాకే డబ్బు కట్టండి. యోగా వైపు వెళ్లేవారికి ఆయుష్ శాఖ యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలున్నాయి. ఒక ఆటలో కోచ్ కావాలంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) డిప్లొమా ఏడాది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. కోచ్ పోస్టుల దగ్గర ఎన్‌ఐఎస్ అనే మూడక్షరాలకు ఉన్న విలువ బీపీఎడ్‌కు లేదు.

ఎంపీఎడ్ గురించి అందరూ అడుగుతారు. ఉద్యోగం రాలేదు కదా, ఖాళీగా ఎందుకని చేరేవారికి నేను వద్దనే చెబుతాను, అది ఇంకో రెండేళ్ల ఖర్చు. డిగ్రీ కళాశాల ఫిజికల్ డైరెక్టర్ కావాలని ఉంటే చేయండి. దానికి 55 శాతం మార్కులు, పైన నెట్ గాని సెట్ గాని (ఇవి అధ్యాపక అర్హత పరీక్షలు) కావాలి. యూజీసీ స్కేలులో లెవెల్ 10, మొదలు 57,700. చేరే ముందే నెట్ ఫిజికల్ ఎడ్యుకేషన్ పాత ప్రశ్నపత్రం ఒకటి తీసి చదవండి. సగం ప్రశ్నలు ఏమిటో కూడా అర్థం కాకపోతే మరోసారి ఆలోచించుకోండి.

మోకాలు మన పెట్టుబడి. సంవత్సరానికి 20 రూపాయలతో బ్యాంకులో రెండు లక్షల ప్రమాద బీమా ఉంది, ప్రధానమంత్రి సురక్ష బీమా. ఈ రోజే కట్టండి. అది ప్రమాదవశాత్తు మరణానికీ శాశ్వత వైకల్యానికే, లిగమెంటు చికిత్సకు రాదు. దానికి వేరే ఆరోగ్య బీమా చూసుకోవాలి.

8. చివరి పేజీలో ఒక తేదీ వేయండి

వయోపరిమితి 2024 తెలంగాణ డీఎస్సీలో 46, ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో 44. ఆ అంకెలు చూసి ఇంకా బోలెడు కాలం ఉందనుకునేవారే ఎక్కువ నష్టపోతారు. ప్రభుత్వం పెట్టిన పరిమితి కన్నా ముందు మీది మీరు పెట్టుకోండి. "ఫలానా ఏడాది లోపు రెండు నోటిఫికేషన్లు రాస్తాను, రాకపోతే డీఎస్సీ పుస్తకాలు తమ్ముడికి ఇచ్చి రెండో ఆదాయాన్నే మొదటిది చేసుకుంటాను" అని రాసి, కింద మీ సంతకం, పక్కన అమ్మ సంతకం పెట్టించండి. గత ఏడాది అలా రాసిన కుర్రాడొకడు ఇప్పుడు పొద్దున బడిలో, సాయంత్రం మా గ్రౌండ్‌లోనే పోలీసు బ్యాచ్‌తో ఉంటున్నాడు. రాత్రి తొమ్మిదికి పుస్తకం తీస్తాడట. అతను వేసుకున్న తేదీ ఇంకా మూడేళ్లుంది.